ఆర్కెస్ట్రాను దాటిన గొంతు: లౌరిట్స్ మెల్కియోర్ గానంలోని గుట్టు

జర్మన్ స్వరకర్త వాగ్నర్ ఒపెరాల్లో వీరపాత్రలు పాడే గాయకుణ్ణి సంగీత ప్రపంచం హెల్డెన్‌టెనర్ అంటుంది; టెనర్ అంటే పురుషుల గొంతుల్లో పై స్థాయిది. ఆ గొంతు గురించి స్థిరపడిపోయిన అభిప్రాయం ఒకటుంది: అది చాలా పెద్ద గొంతు, వందమంది వాద్యకారుల హోరును సైతం ముంచెత్తే గొంతు అని. ఈ మాట పూర్తిగా అబద్ధం కాదు గాని, దాన్నే నమ్ముకుంటే 20వ శతాబ్దపు తొలి సగంలో ఆ పాత్రలను ఏలిన డెన్మార్క్ గాయకుడు లౌరిట్స్ మెల్కియోర్ (1890–1973) ఎందుకంత గొప్పవాడయ్యాడో బోధపడదు. గట్టిగా పాడినంత మాత్రాన ఆ పాత్రలు గట్టెక్కేటట్టయితే ఒపెరా హౌసులు ఇన్ని దశాబ్దాలుగా హెల్డెన్‌టెనర్ల కొరతతో తల పట్టుకుని కూర్చునేవి కావు.

చిక్కు ఎక్కడుందో తెలియాలంటే 'జీగ్‌ఫ్రీడ్' ఒపెరాను ఒకసారి గాయకుడి పక్షాన నిలబడి చూడాలి. విరామాలు తీసేస్తే అది సుమారు నాలుగు గంటల సంగీతం. మొదటి అంకం చివర కథానాయకుడు తన తండ్రి విరిగిన కత్తిని కరిగించి, మళ్ళీ పోతపోసి, సమ్మెటతో సాగగొడుతూ గొంతెత్తి పాడాలి. రెండో అంకంలో అడవిలో చెట్టుకింద ఒంటరిగా కూర్చుని, తానెన్నడూ చూడని తల్లిని తలుచుకుంటూ మెత్తగా, ఊపిరి బిగపట్టి పాడాలి. మూడో అంకంలో దారికి అడ్డుపడిన ముసలి దేవుడితో వాగ్వాదం ముగించి కొండ ఎక్కాక, అప్పటిదాకా ఆ ఒపెరాలో ఒక్క స్వరమైనా పాడని కథానాయిక బ్రూన్‌హిల్డె నిద్ర లేస్తుంది. సాయంత్రమంతా గొంతు దాచుకుని వచ్చిన సొప్రానోతో (స్త్రీల గొంతుల్లో పై స్థాయిది), సాయంత్రమంతా గొంతు ఖర్చుపెట్టిన టెనర్ సమఉజ్జీగా నిలబడి చివరి యుగళగీతం పాడాలి. స్వరకర్త తన గాయకుడి మీద ఇంత నిర్దయగా ఉన్న సందర్భాలు సంగీత చరిత్రలో ఎక్కువ లేవని నా అభిప్రాయం.

'ట్రిస్టాన్ ఉండ్ ఇసోల్డె' సంగతి ఇంకా కఠినం. అందులో మూడో అంకమంతా గాయపడి పడుకున్న ట్రిస్టాన్ జ్వరతీవ్రతలో పలికే సుదీర్ఘమైన స్వగతాల మీదే నడుస్తుంది. వియన్నాలో 70కి పైగా రిహార్సల్స్ జరిగిన తర్వాత ఆ ఒపెరాను పాడటం అసాధ్యమని పక్కన పెట్టేశారు. చివరికి 1865 జూన్ 10న మ్యూనిక్‌లో తొలి ప్రదర్శన జరిగింది. ట్రిస్టాన్ పాడిన లుడ్విగ్ ష్నోర్ ఫాన్ కరోల్స్‌ఫెల్డ్ నాలుగు ప్రదర్శనలు ముగించి, ఆరు వారాలు తిరక్కుండానే, జులై 21న చనిపోయాడు. ఆయన వయసు 29. ఆ పాత్రే ఆయన్ని పొట్టన పెట్టుకుందన్న ప్రచారం వెంటనే పుట్టింది. పాట పాడి ఎవరూ చనిపోరు, ఆయన మరణానికి కారణం జబ్బు. అయినా ఆ ప్రచారం ఇన్నేళ్ళు బతికి ఉండటమే ఆ పాత్ర పట్ల గాయకులకున్న భయం ఎంతటిదో చెబుతుంది.

ఇక్కడ ఒక అపోహను తొలగించాలి. ఇటాలియన్ ఒపెరాలు వినేవాళ్ళు టెనర్ గొప్పతనాన్ని తారస్థాయిలోని 'సి' స్వరంతో కొలుస్తారు. వాగ్నర్ వీరపాత్రల్లో ఆ కొలత పనికిరాదు. ట్రిస్టాన్, జీగ్‌మండ్, టాన్‌హాయిజర్ పాత్రల్లో అత్యున్నత స్వరం ఆ 'సి'కి కాస్త దిగువన ఉండే 'ఎ' మాత్రమే. ఆ స్వరాన్ని ఏ శిక్షితుడైన టెనరైనా అందుకోగలడు. బరువంతా శిఖరంలో కాక, దానికి దిగువన ఉన్న చరియలో ఉంది. టెనర్ గొంతు 'ఇ', 'ఎఫ్' స్వరాల దగ్గర ఒక మలుపు తిరుగుతుంది. మాట్లాడే గొంతుకు దగ్గరగా ఉండే ఛాతీ నాదం అక్కడ సన్నబడి తలలో మోగే నాదంగా మారాలి. ఇటాలియన్ స్వరకర్తలు గాయకుణ్ణి ఆ మలుపు దాటించి పైకి తీసుకెళ్ళి, ఒక మెరుపు మెరిపించి, మళ్ళీ కిందికి దించి విశ్రాంతినిస్తారు. వాగ్నర్ మాత్రం ఆ మలుపు మీదా, దాని కింద మధ్యస్థాయిలోనూ గాయకుణ్ణి గంటల తరబడి నిలబెడతాడు. మధ్యస్థాయిలో తేలిక గొంతు టెనర్‌కు బలం చాలదు. ఆ బలాన్ని తెచ్చిపెట్టుకోవడానికి గొంతు బిగిస్తే మలుపు దగ్గర నాదం గరుకెక్కి, కొన్నేళ్ళలో పై స్వరాలు రాలిపోతాయి. టెనర్ కన్నా కింది స్థాయిలో పాడే బారిటోన్ గాయకుడికి మధ్యస్థాయి బలం పుష్కలంగా ఉంటుంది గాని, అదే బరువును మోసుకుంటూ పైకెక్కితే ఊపిరాడదు. హెల్డెన్‌టెనర్ అంటే ఈ రెండు అవస్థల మధ్య దారి కనుక్కున్నవాడని చెప్పుకోవచ్చు.

ఇక ఆర్కెస్ట్రా. 'జీగ్‌ఫ్రీడ్', 'డీ వాల్క్యూరె' భాగాలుగా ఉన్న 'రింగ్' నాటక చతుష్టయానికి వాగ్నర్ స్వరలిపిలో కోరినది 16 మొదటి వయొలిన్లు, 16 రెండో వయొలిన్లు, 12 వియోలాలు, 12 చెల్లోలు, 8 డబుల్ బాసులు. ఎనిమిది హార్న్‌లు, ఆరు హార్ప్‌లు, తక్కిన ఊదు వాద్యాలు, తాళవాద్యాలు వీటికి అదనం. వాగ్నర్ జర్మనీలోని బైరోయిట్‌లో తాను కట్టించుకున్న నాటకశాలలో ఈ బలగాన్నంతా వేదిక కిందికి తోసి, పైన కప్పు వేసి, ధ్వనిని కొంత మెత్తబరిచాడు. లండన్ కోవెంట్ గార్డెన్‌లోనో, న్యూయార్క్ మెట్రోపాలిటన్ ఒపెరాలోనో అలాంటి కప్పు లేదు. న్యూయార్క్‌లోని పాత మెట్రోపాలిటన్ భవనంలో సుమారు 3,600 మంది కూర్చునేవారు. మైకు లేకుండా పాడిన మనిషి గొంతు ఆ చివరి వరుసదాకా ఎలా చేరింది?

సమాధానం బిగ్గరతనంలో కన్నా ధ్వని పంపిణీలో ఉంది. పెద్ద ఆర్కెస్ట్రా శబ్దశక్తి చాలావరకు 500 హెర్ట్జ్ (సెకనుకు 500 కంపనాలు) ప్రాంతంలో గుమికూడుతుంది. అక్కణ్ణుంచి పైకి వెళ్ళేకొద్దీ పలచబడుతుంది. శిక్షితుడైన ఒపెరా గాయకుడు గొంతు గొట్టాన్ని సర్దుకునే తీరువల్ల అతని స్వరంలోని అనునాదాలు 3,000 హెర్ట్జ్‌కు అటూఇటూగా ఒకచోట పోగుపడి ఒక గుట్టలా లేస్తాయి. స్వీడన్ శాస్త్రజ్ఞుడు యోహాన్ సుండ్‌బెర్గ్ 1970 దశకంలో దీన్ని కొలిచి వివరించాడు. ఆర్కెస్ట్రా బలహీనంగా ఉన్న ఆ కిటికీలోంచే గాయకుడి గొంతు బయటికి వస్తుంది. పైగా మన చెవి ఆ ప్రాంతపు ధ్వనులను మరింత చురుకుగా పట్టుకుంటుంది. అందువల్ల ఆర్కెస్ట్రాతో తలపడి గెలవాలని చూసే గాయకుడు ఓడిపోతాడు, దాని పక్కనుంచి జారుకునే గాయకుడు వినిపిస్తాడు. మెల్కియోర్ గొంతులో కింద చీకటిలాంటి గాంభీర్యం, దాని మీద లోహపు మెరుపు కలిసి వినిపించేవి. 1930 దశకపు రికార్డుల్లో కూడా ఆ రెండు పొరలను విడివిడిగా గుర్తుపట్టవచ్చు.

ఆ గొంతు ఆయనకు పుట్టుకతో సిద్ధంగా దొరకలేదు. 1890 మార్చి 20న కోపెన్‌హాగన్‌లో పుట్టిన మెల్కియోర్ 1913లో అక్కడి రాయల్ ఒపెరాలో బారిటోన్‌గా వేదికెక్కాడు. 'పాల్యాచీ'లో సిల్వియో ఆయన తొలి పాత్ర. కొన్నేళ్ళపాటు చిన్నాచితకా పాత్రలు పాడుతూ గడిపాడు. శ్రీమతి చార్లెస్ కాయే అనే అమెరికన్ కాంట్రాల్టో (స్త్రీల గొంతుల్లో కింది స్థాయి) గాయని ఆయనతో కలిసి 'ఇల్ ట్రొవతోరె' పాడుతున్నప్పుడు, ఒంట్లో బాగాలేని సొప్రానో వదిలేసిన పై స్వరాన్ని ఈ బారిటోన్ తానే అందుకుని పాడాడని, అది విన్న ఆమె నీవు బారిటోన్‌వు కావు, మూతపెట్టిన టెనర్‌వి అని తేల్చిందని చెబుతారు. రంగస్థల కథలకు కొంత అలంకారం సహజంగానే అంటుకుంటుంది. ఆమె సలహాతో ఆయన గొంతు మార్చుకునే పనికి పూనుకోవడం మాత్రం నిజం. డెన్మార్క్‌కే చెందిన టెనర్ విల్హెల్మ్ హెరోల్డ్ దగ్గర మళ్ళీ మొదటినుంచి సాధన చేసి, 1918 అక్టోబర్ 8న టాన్‌హాయిజర్‌గా టెనర్ పాత్రలోకి అడుగుపెట్టాడు. అప్పటికి ఆయనకు 28 ఏళ్ళు.

అంతటితో పని ముగిసిందనుకుంటే పొరపాటు. 1920లో లండన్‌లో పాడినప్పుడు ఆయన్ని విన్న ఆంగ్ల నవలాకారుడు హ్యూ వాల్పోల్ ఆ గొంతుకు ముగ్ధుడై, ఏళ్ళ తరబడి డబ్బు సర్దుబాటు చేస్తూ చదివించాడు. ఆ డబ్బుతోనే మెల్కియోర్ విక్టర్ బైగెల్, ఎర్నస్ట్ గ్రెంట్సెబాఖ్, వాగ్నర్ పాత్రలకు పేరుపొందిన గాయని అన్నా బార్-మిల్డెన్‌బర్గ్‌ల దగ్గర నేర్చుకోగలిగాడు. 1924లో ఒకే ఏడాది రెండు తలుపులు తెరుచుకున్నాయి: కోవెంట్ గార్డెన్‌లో జీగ్‌మండ్, మొదటి ప్రపంచయుద్ధం వల్ల మూతపడి పదేళ్ళ తర్వాత మళ్ళీ మొదలైన బైరోయిట్ ఉత్సవంలో జీగ్‌మండ్, పార్సిఫాల్. 1926 ఫిబ్రవరి 17న మధ్యాహ్న ప్రదర్శనలో మెట్రోపాలిటన్‌లో టాన్‌హాయిజర్ పాడాడు. అదే రోజు సాయంత్రం మేరియన్ తాలీ అనే 19 ఏళ్ళ అమెరికన్ అమ్మాయి తొలి ప్రదర్శన ఉండటంతో పత్రికల హడావుడంతా ఆమె చుట్టే తిరిగింది. డెన్మార్క్ టెనర్‌ను పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు. ఆయన హాంబర్గ్ ఒపెరాలో పాడుతూ పాత్రలను నానబెట్టుకుని, 1929 నాటికి ట్రిస్టాన్‌గా స్థిరపడ్డాడు. తొలి బారిటోన్ పాత్రకు, ఈ దశకు మధ్య 16 ఏళ్ళు గడిచాయి. బారిటోన్ పునాదిని పగలగొట్టకుండా దాని మీదే టెనర్ స్వరాలను ఒక్కొక్కటిగా పేర్చడానికి పట్టిన కాలం అది. ఆయనకు ముందు జాఁ ద రెష్కే, తర్వాత స్వీడన్ గాయకుడు సెట్ స్వాన్‌హోమ్ కూడా బారిటోన్లుగా మొదలై ఈ పాత్రలకు వచ్చినవారే కావడం గమనించదగినది.

ఈ సాధన ఫలితం వినాలనుకునేవారికి నేను మొదట చేతికిచ్చే రికార్డు 1935 జూన్‌లో వియన్నాలో బ్రూనో వాల్టర్ నిర్వహణలో, వియన్నా ఫిల్హార్మోనిక్‌తో ముద్రించిన 'డీ వాల్క్యూరె' మొదటి అంకం. జీగ్‌మండ్‌గా మెల్కియోర్, కథానాయిక జీగ్‌లిండెగా లోటె లేమాన్, ఆమె భర్త హుండింగ్‌గా ఇమాన్యుయెల్ లిస్ట్ పాడారు. అప్పటి రికార్డు పలకకు ఒక్కో ముఖం మీద నాలుగైదు నిమిషాల పాటే పట్టేది కాబట్టి గంటకు పైగా నిడివి ఉన్న ఈ అంకాన్ని ముక్కలు ముక్కలుగా పాడవలసి వచ్చింది. వింటున్నప్పుడు ఆ అతుకులు ఎక్కడా కనబడవు. అదే వరుసలో రెండో అంకాన్ని కూడా ముగించాలనుకున్నారు గాని, నాజీల కారణంగా యూదుడైన వాల్టర్‌తో ఆ పని సాగలేదు. మిగిలిన భాగాన్ని 1938లో బెర్లిన్‌లో వేరే కండక్టర్‌తో పూర్తిచేశారు.

ఆ అంకంలో మూడో దృశ్యం మొదట్లో జీగ్‌మండ్ శత్రువు ఇంట్లో, ఆయుధం లేకుండా, చల్లారుతున్న పొయ్యి దగ్గర ఒంటరిగా ఉంటాడు. ఆపదలో నీకు కత్తి దొరుకుతుందని తండ్రి ఇచ్చిన మాట గుర్తు చేసుకుంటాడు. ఇది చాలా కింది స్వరాల్లో, దాదాపు మాట్లాడుతున్నట్టు మొదలవుతుంది. తేలిక గొంతు టెనర్లు ఇక్కడ గాలిలో కలిసిపోతారు. మెల్కియోర్ ఇక్కడ బారిటోన్‌లా నిండుగా వినిపిస్తాడు, ఒక్కో హల్లు విడిగా, స్పష్టంగా పడుతుంది. ఆ తర్వాత తండ్రిని పేరుపెట్టి 'వెల్జె' అని రెండుసార్లు పిలవాలి: మొదటిది 'జి ఫ్లాట్' మీద, రెండోది అరమెట్టు పైన 'జి' మీద. రెండూ సరిగ్గా మలుపు దాటిన చోటే ఉన్నాయి. మెల్కియోర్ ఆ స్వరాన్ని పట్టుకున్నప్పుడు గొంతు తెరుచుకుంటున్నట్టే ఉంటుంది, బిగుసుకుంటున్నట్టు ఉండదు. నాదం నిలిచిన కొద్దీ వణకడానికి బదులు విస్తరిస్తుంది. స్టూడియో రికార్డులో కొంత మర్యాదగానే ఆపాడు. 1940 దశకపు మెట్రోపాలిటన్ రేడియో ప్రసారాల్లో మాత్రం స్వరలిపిలోని కాలాన్ని ఏమాత్రం లెక్కచేయకుండా ఒక్కో పిలుపును పది సెకన్లు దాటించేవాడు. మైకులు రాని రోజుల్లో మన పద్యనాటకాల నటులు పద్యం చివర రాగం సాగదీసి 'వన్స్ మోర్' కొట్టించుకున్న తీరు తెలిసినవారికి ఇందులోని సరదా వెంటనే అర్థమవుతుంది. స్వరకర్త ఉద్దేశం అది కాదని విమర్శకులు అంటారు, నిజమే. నాకు మాత్రం ఆ పిలుపుల కన్నా, కొన్ని నిమిషాల తర్వాత వచ్చే వసంతగీతంలో అంత పెద్ద గొంతునూ మడిచి, ఒక్క వాక్యం కూడా తెగకుండా మెత్తగా పాడిన తీరే ఆయన సాధనకు అసలైన రుజువుగా తోస్తుంది. గట్టిగా పాడటం మాత్రమే వచ్చినవాడికి ఆ మెత్తదనం సాధ్యం కాదు.

1935 ఫిబ్రవరి 2న నార్వే సొప్రానో కిర్‌స్టెన్ ఫ్లాగ్‌స్టాడ్ మెట్రోపాలిటన్‌లో తొలిసారి పాడింది. నాలుగు రోజుల తర్వాత ఆమె ఇసోల్డెగా, మెల్కియోర్ ట్రిస్టాన్‌గా కలిశారు. ఆర్థిక మాంద్యంతో కుదేలైన ఆ సంస్థకు వాగ్నర్ ఒపెరాలు గల్లాపెట్టె నింపే సరుకుగా మారాయంటే ఆ జంటే కారణం. మొత్తం మీద 1926 నుంచి 1950 వరకు మెట్రోపాలిటన్‌లో మెల్కియోర్ వాగ్నర్ పాత్రలను 519 సార్లు పాడాడు. ట్రిస్టాన్‌ను ప్రపంచమంతటా కలిపి 200 సార్లకు పైగా పాడాడు. ఒక్కసారి పాడటానికే వెనుకాడే పాత్ర అది. విచిత్రమేమిటంటే వెర్డి 'ఒథెల్లో'ను కోవెంట్ గార్డెన్‌లో పాడి మెప్పించిన ఈయనకు మెట్రోపాలిటన్ ఆ పాత్రను ఒక్కసారి కూడా ఇవ్వలేదు.

అభిమానం ఎంత ఉన్నా ఆయన లోపాలను దాచనక్కర్లేదు. లయ విషయంలో ఆయన నిర్లక్ష్యం జగద్విదితం: స్వరం వేళకు ముందే అందుకోవడం, స్వరలిపిలో చుక్క పెట్టి సాగదీయమన్న స్వరాలను గుండ్రంగా నున్నగా పాడేయడం, ఆర్కెస్ట్రా తన వెంట పరుగెత్తాలనుకోవడం రికార్డుల్లోనే వినిపిస్తాయి. పాత్ర బాగా వచ్చాక రిహార్సల్స్‌కు రావడం తగ్గించేశాడు. ఆరడుగుల నాలుగంగుళాల భారీ మనిషి కావడం వల్ల జీగ్‌ఫ్రీడ్ లాంటి కుర్రవాడి పాత్రలో ఆయన్ని చూసి నమ్మడం ప్రేక్షకుడికి కొంత కష్టమే. మెట్రోపాలిటన్‌లో జర్మన్ ఒపెరాలు నడిపించిన కండక్టర్ ఆర్టుర్ బొడాన్‌స్కీ 1939లో చనిపోయాక ఆ బాధ్యత ఇంకా ముప్పై నిండని ఎరిక్ లైన్స్‌డోర్ఫ్ చేతికి వచ్చినప్పుడు, అనుభవం చాలదని మెల్కియోర్ పత్రికలకెక్కాడు. లయ తప్పే గాయకుడు కండక్టర్‌ను తప్పుపట్టడం అంత హుందాగా లేదు.

వీటన్నిటికన్నా ముఖ్యంగా తూకం వేయవలసిన విషయం మరొకటి ఉంది. ఆ రోజుల్లో మెట్రోపాలిటన్ 'ట్రిస్టాన్'ను పూర్తిగా ప్రదర్శించేది కాదు. రెండో అంకంలో ప్రేమికులు పగలు, రాత్రి గురించి చేసే సుదీర్ఘ సంవాదంలోనూ, మూడో అంకపు స్వగతాల్లోనూ పెద్ద పెద్ద కోతలు ఉండేవి. ఇప్పటి టెనర్ చాలా చోట్ల ఆ నిమిషాలన్నీ పాడవలసిందే. కాబట్టి మెల్కియోర్ ఓర్పును నేటివారి ఓర్పుతో నేరుగా పోల్చడం న్యాయం కాదు. అయితే కోతలు పోగా మిగిలినదాన్ని వారం తర్వాత వారం, పాతికేళ్ళపాటు, గొంతు చెడకుండా పాడటం కోతల వల్ల వచ్చే శక్తి కాదు. 70 ఏళ్ళు నిండిన సందర్భంగా 1960లో డెన్మార్క్ రేడియో ఆర్కెస్ట్రాతో 'వాల్క్యూరె' మొదటి అంకాన్ని ఆయన పాడిన రికార్డు ఉంది. ఊపిరి కొంత తగ్గింది, నాదం కొంత ఎండింది, నిజమే. అయినా స్వరాలు శ్రుతిలోనే నిలిచాయి, వయసు తెచ్చే పెద్ద కంపం వాటిలో లేదు. పాతికేళ్ళ కిందటి వియన్నా రికార్డును పక్కన పెట్టుకుని వింటే, ఆయన సాధన ఎంత గట్టిదో మరే వాదనా లేకుండా తెలుస్తుంది.

మెట్రోపాలిటన్‌లో ఆయన చివరి ప్రదర్శన 1950 ఫిబ్రవరి 2న పాడిన 'లోహెన్‌గ్రిన్'. కొత్త అధికారిగా రాబోతున్న రుడాల్ఫ్ బింగ్ ఆయన ఒప్పందాన్ని కొనసాగించలేదు. అప్పటికే మెల్కియోర్ హాలీవుడ్ సంగీత చిత్రాల్లో సరదా ముసలాయన వేషాలు వేస్తూ, రేడియో హాస్య కార్యక్రమాల్లో తనను తానే వెక్కిరించుకుంటూ కనబడేవాడు. గంభీరమైన ఒపెరా సంస్థకు ఆ తీరు రుచించలేదు. బింగ్‌కు క్రమశిక్షణ కావాలి, అది సబబైన కోరికే; కాని ఆ ఖాళీని పూరించే గొంతు ఆయనకు దొరకలేదు.

ఆ తర్వాత వచ్చిన గొప్పవారు వేరే దారుల్లో వచ్చారు. 1951 నుంచి బైరోయిట్‌ను మోసిన వోల్ఫ్‌గాంగ్ విండ్‌గాసెన్ గొంతు చాలా తేలికైనది. తెలివిగా పొదుపు చేసుకుంటూ, కప్పు వేసిన ఆ ఆర్కెస్ట్రా సహాయంతో జీగ్‌ఫ్రీడ్‌ను నెగ్గుకొచ్చాడు. కెనడా గాయకుడు జాన్ వికర్స్ గొంతు బరువైనదే, నటనలో మెల్కియోర్ కన్నా ఎన్నో మెట్లు పైన ఉన్నాడు. అయినా జీగ్‌ఫ్రీడ్ పాత్రను వేదిక మీద ఎన్నడూ ముట్టుకోలేదు. అలాంటి గొంతులు పుట్టడం మానేశాయని కొందరు వాపోతుంటారు. నేను దాన్ని నమ్మను. 23 ఏళ్ళకు బారిటోన్‌గా మొదలైన కుర్రవాణ్ణి 39 ఏళ్ళ దాకా తొందరపెట్టకుండా కాచుకునే ఏర్పాటు ఇప్పుడు ఏ ఒపెరా వ్యవస్థలో ఉంది? పెద్ద గొంతు కనబడగానే ముప్పై ఏళ్ళకే జీగ్‌ఫ్రీడ్ ఇచ్చి, ఈ వారం ఒక ఖండంలో, వచ్చే వారం మరో ఖండంలో పాడించే పద్ధతిలో ఆ గొంతుకు మలుపు దగ్గర కుదురుకునే వ్యవధి ఎక్కడిది?

ఈ చిక్కు మెల్కియోర్‌కు బాగా తెలుసు. వాల్పోల్ డబ్బు లేకపోతే తాను కోపెన్‌హాగన్‌లో మామూలు బారిటోన్‌గా మిగిలిపోయేవాణ్ణన్నది ఆయన జీవితమే చెప్పే సంగతి. అందుకే 1960 దశకంలో, ఈ తరహా గొంతున్న యువ గాయకులకు సాధన కాలంలో ఆర్థిక సహాయం అందించేందుకు తన పేరు మీద ఒక హెల్డెన్‌టెనర్ నిధిని ఏర్పాటు చేశాడు. న్యూయార్క్‌లోని జూలియార్డ్ సంగీత పాఠశాల దాని నిర్వహణ చూసింది. 1973 మార్చి 18న, 83వ పుట్టినరోజుకు రెండు రోజుల ముందు, కాలిఫోర్నియాలోని శాంటా మోనికాలో ఆయన కన్నుమూశాడు.